బస్రాలో సంధి

పోయిన నెలలో నాగేశ్వరి వచ్చింది. నా దగ్గర టెన్త్ చదివిన పిల్ల, ఇప్పుడు తనూ సోషల్ టీచరే. జుట్టు నెరిసిపోయింది గానీ నా ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికి ఇంకా మొహమాటమే. కాఫీ తాగుతూ తాగుతూ, "మేడమ్, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకుంటున్నా. పుస్తకంలో వర్సేల్స్ సంధి అని ఉంటే, మీరు ఆ మాట కొట్టేయించి ఒప్పందం అని రాయించేవాళ్ళు. ఎందుకండీ?" అంది. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి కూడా వెనక బెంచీలో కూర్చుని ఇదే అడిగాడు. "సంధి అంటే పిల్లలు వ్యాకరణం అనుకుంటున్నారు సార్, సవర్ణదీర్ఘమా గుణమా అని అడుగుతున్నారు" అని ఏదో బుకాయించి బయటపడ్డాను. నాగేశ్వరి దగ్గర బుకాయించబుద్ధి కాలేదు. చెప్పాను. ఇన్నేళ్ళు గడిచినా ఆ మాట వింటే నాకు గుండె దడే. ఆ రోజు నాగేశ్వరికి గబగబా చెప్పేశాను, ఇక్కడ కాస్త నిదానంగా రాస్తాను.

మా ఊరు మార్టూరుకు పడమట, నల్లరేగడి చేల మధ్య. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. అమ్మా, నాయనమ్మా మాత్రం మా పేటలో మిగతా ఆడవాళ్ళలాగే పత్తి తీతకీ, మిరప కోతకీ వెళ్ళేవాళ్ళు. నాయనమ్మకి ఎనభై దాటాక నాన్న గొడవపడి చేలోకి వెళ్ళడం మాన్పించాడు. మాన్పిస్తే ఊరుకునే మనిషా! పనినే ఇంటికి రప్పించుకుంది. ఎండలు ముదరడం మొదలయ్యేసరికి పెద్దరైతుల బండ్లు మా వాకిట్లో ఎండుమిరపకాయల బస్తాలు దించి పోయేవి. తొడిమలు తీసి, తెల్లబారిన తాలుకాయలు వేరు చేసి, మళ్ళీ బస్తాలకెత్తి ఇవ్వాలి. చుట్టుపక్కల అమ్మలక్కలంతా మా పందిరి కింద చేరేవాళ్ళు. ఆ ఘాటుకి వీధిలో పోయే కుక్క కూడా తుమ్మేది. పుస్తకాలు, పక్కబట్టలు, అన్నం, ఆదివారం చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీరలు, అన్నీ మిరపకాయ వాసనే. నాయనమ్మ ఒక్కతే తుమ్మేది కాదు. "ఈ ముక్కు ఎప్పుడో చచ్చిపోయిందే" అనేది. ఒక్క విషయంలో మాత్రం మహా చాదస్తం. పని చేసిన చెయ్యి ఎవరైనా ముఖం దగ్గరికి పోనిస్తే చాలు, "కళ్ళే, కళ్ళు జాగ్రత్త!" అని కేకలేసేది. మజ్జిగతో చేతులు కడుక్కుంటే తప్ప ఎవర్నీ చంటిపిల్లల్ని ఎత్తుకోనిచ్చేది కాదు.

సాయంత్రం నాన్న రేడియో పెట్టేవాడు. ఆ రోజుల్లో ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్నాయి. వార్తల్లో అస్తమానం బస్రా పేరు. చీరాల బజారూ, వాడరేవు ఎండుచేపలూ తప్ప వేరే లోకం ఎరగని మా నాయనమ్మ, బస్రా అన్న మాట చెవిన పడగానే పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చేది. "ఇంకా ఉందా ఆ ముదనష్టపు ఊరు? మా ఏలియాని మింగింది చాల్లేదంటనా దానికి?" అని రేడియోని తిట్టేది. నాన్న ముఖం ముడుచుకుని రేడియో చెవి మెలిపెట్టేవాడు.

ఏలియా నాయనమ్మ మొదటి భర్త. మా ఇంట్లో ఇదేం దాచిపెట్టిన సంగతి కాదు. ఆయనది పొదిలి అవతల ఓ మెట్ట ఊరు. వానల్లేక, పని వెతుక్కుంటూ మా వైపు వచ్చి, నాయనమ్మని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. పెళ్ళయి ఏడాది తిరిగిందో లేదో, తెల్లదొరలు యుద్ధానికి కూలి పటాలం కడుతున్నారని తెలిసి అందులో చేరి, ఓడెక్కి బస్రా పోయాడు. తుపాకీ పట్టడానికి కాదు, మూటలు మొయ్యడానికి. మా ఊరి నుంచి వెళ్ళింది ఆయనొక్కడే. ఆయన అక్కడ ఉండగా ఇక్కడ పెద్దజ్వరాలు వచ్చాయి. ఆ జ్వరాల గురించి చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతు తగ్గిపోయేది. ఒంట్లో వేడి నెత్తికెక్కి, కన్నతల్లిని కూడా గుర్తుపట్టక, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ మాట్లాడుతూ పోయేవాళ్ళట. దాన్నే మా వైపు సంధి అంటారు. సంధి కొట్టిందంటే ఇక ఆశ వదులుకోవడమే. వాళ్ళ నాన్న సంధిలోనే పోయాడు. ఇద్దరు తమ్ముళ్ళు సంధిలోనే పోయారు. ఆ రోజుల్లోనే ఏలియాకి కూడా బస్రాలో సంధి కొట్టిందని, అక్కడే పోయాడని, చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి ద్వారా కబురు. నాయనమ్మ ఏడాదిపాటు ఏడ్చింది. ఆ తర్వాత వాళ్ళమ్మ, మగదిక్కు లేని కొంప ఎట్లా గడుస్తుందని, మా తాతకిచ్చి మారుమనువు చేసింది. మాలో అది తప్పు కాదు. చర్చిలోనే, అందరి ఎదుటే జరిగింది. మా నాన్న ఆ సంసారంలో ఆఖరి కాన్పు.

ఇక దయ్యం కథ. తొడిమలు తీసేటప్పుడు నిద్ర ముంచుకొస్తే ఎవరో ఒకరు, "అత్తా, నీ దయ్యం సంగతి చెప్పు" అనేవాళ్ళు. నాయనమ్మకి ఆ మాత్రం చాలు. గొంతు సవరించుకుని మొదలెట్టేది. "దీని పెద్దత్త, నా తొలిచూలు, ఉయ్యాల్లో ఉంది. మిట్టమధ్యాహ్నం. ఊళ్ళో పిట్ట లేదు, అంతా చేలల్లో ఉన్నారు. నేను రోట్లో కారం దంచుతున్నా. 'సువార్తా' అని నా పేరెట్టి పిలుపు. తలెత్తి చూస్తే గుమ్మంలో ఏలియా! చిక్కి శల్యమైపోయి, మాడిపోయి, కాకీ గుడ్డలు కట్టుకుని. దయ్యానికి పాదాలు వెనక్కుంటాయి గదా చూద్దామంటే, బూట్లేసుకుంది దొంగముండ!" ఇక్కడ అందరూ నవ్వాలి, నవ్వేవాళ్ళు. "'కాసిని మంచినీళ్ళియ్యవే' అంది. అంతలో ఉయ్యాల్లో పిల్ల కదిలింది. అది అటు తిరిగి ఉయ్యాల వంకే చూస్తా నిలబడింది. అమ్మో, పసిగుడ్డు కోసం వచ్చిందే అని, రోట్లో కారం గుప్పెడు తీసి కళ్ళల్లో కొట్టా! 'దేవా' అని ఒక్క కేక పెట్టి, ముఖం పట్టుకుని, కంప తడుముకుంటా తడుముకుంటా పోయింది. మళ్ళీ రాలా." చిన్నప్పుడు నేనొకసారి, "దయ్యానికి కారం మండుతుందా నాయనమ్మా?" అని అడిగాను. "మండబట్టే గదే పారిపోయింది!" అంది. పందిరంతా గొల్లున నవ్వింది. ఆ కథ పుణ్యమా అని మా ఇంట్లో మధ్యాహ్నం పూట ఎవరైనా గుమ్మంలో పిలిస్తే, మూడోసారి పిలిచేదాకా పలికేవాళ్ళం కాదు. పోస్టుమాన్ విసుక్కునేవాడు.

నాకు టెన్త్ పబ్లిక్ పరీక్షల ముందు సెలవులు. నేను పందిరి గుంజకి ఆనుకుని సోషల్ పుస్తకం పైకి చదువుతున్నాను. పైకి వినపడితేనే నాన్నకి చదువుతున్నట్టు లెక్క. ఆయన బడిలో ఉన్నా సరే, అమ్మ చెవులు ఉన్నాయిగా. "వర్సేల్స్ సంధి, దాని షరతులు" అని ఎత్తుకున్నాను. నాయనమ్మ చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది.

"ఎవరికే సంధి? జ్వరం ఎన్నాళ్ళ నుంచి?" అంది కంగారుగా.

నాకు నవ్వాగలేదు. "జ్వరం సంధి కాదు నాయనమ్మా! దేశాలు యుద్ధం మానేసి రాజీ పడితే దాన్ని కూడా సంధి అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం అట్టాగే ఆగిపోయింది."

"యుద్ధం ఆగిపోతే సంధి అంటారా?"

"ఆఁ."

"బస్రాలో యుద్ధం కూడానా?"

"అదీ అందులోదే. టర్కీ వాళ్ళతో సంధి అయింది, జర్మనీ వాళ్ళతో సంధి అయింది. మా సారు మ్యాపులో చూపించాడుగా."

"సంధి అయినాక, మరి మనుషుల్నేం చేస్తారే?"

"ఏం చేస్తారు? ఇళ్ళకి పంపించేస్తారు."

నాకు చెప్పడం సరదాగా ఉంది. ఇంకా ఏదో చెప్పబోయాను. నాయనమ్మ నా వైపు చూడటం లేదు. ఎదుటి గోడ వంక చూస్తూ, ప్రార్థనలో వాక్యం అప్పజెప్పినట్టు, తనది కాని గొంతుతో అంది. "'బస్రాలో సంధి అయింది. దేవునికి స్తోత్రం. మన ఏలియాకి కష్టం తీరింది, ఇంటికి పిలుపొచ్చింది.' ఇంతే అన్నాడే ఉపదేశి. చర్చిలో నిలబడి ఇంతే అన్నాడు."

మా వాళ్ళలో పిలుపొచ్చిందంటే పోయాడనే. కష్టం తీరిందన్నా అదే. ఆ రోజు చర్చిలో ఉన్నవాళ్ళు సగంమంది ఎవరినో ఒకరిని పూడ్చిపెట్టి వచ్చినవాళ్ళు, సంధి అన్న మాటని వాళ్ళ చెవులు ఇంకోలా ఎట్లా వింటాయి? సరిగ్గా అడుగుదామన్నా, మా పేటలో అక్షరం ముక్క వచ్చిన ఒకే ఒక్కడు ఆ ఉపదేశి, ఆయన కూడా అదే వారంలో జ్వరమొచ్చి పోయాడట. సంధి అయ్యాక కూడా ఆ కూలీలను వెంటనే వదల్లేదని, రోడ్లూ రైలుపట్టాలూ వేయించుకుంటూ ఏళ్ళ తరబడి అక్కడే ఉంచారని, నేను డిగ్రీలో చదివి తెలుసుకున్నాను. అప్పటికి నాకు అంత తెలియదు. కానీ నాయనమ్మ పెదాలు కదలడం చూశాను. ఆమె ఏమనబోతోందో అనకముందే నాకు అర్థమైపోయింది.

"అది దయ్యం కాదే" అంది.

అని, రెండు చేతులూ ముఖాన కప్పుకుంది. కాయలు తుంచిన చేతులు! అమ్మ "అయ్యో అత్తయ్యా, కళ్ళు!" అంటూ మజ్జిగ గిన్నెతో పరిగెత్తుకొచ్చింది. ఇద్దరు ముగ్గురు కలిసి లాగితే గాని ఆ చేతులు రాలేదు. కళ్ళు ఎర్రగా వాచిపోయి నీళ్ళు కారుతున్నాయి. "మండనీ" అంటోంది, "మండనీ, నన్నొదలండి." ఎన్నిసార్లు నవ్వామో ఆ కథకి! నేనైతే బూట్ల దగ్గర చెప్పకముందే నవ్వేదాన్ని.

నాన్న బడి నుంచి వచ్చి, సంగతి విని, చెప్పులతోనే అరుగు మీద కూలబడ్డాడు. ఆయన చెప్పులతో అరుగెక్కడం నేనెప్పుడూ చూడలేదు. "సంధి కొట్టి పోయాడని నువ్వు చెప్పడమే విన్నాను గానీ, ఉపదేశి ఏమన్నాడో నాకెప్పుడూ చెప్పలేదే అమ్మా" అన్నాడు. మళ్ళీ తనే బతిమాలుతున్నట్టు, "దయ్యమే అనుకో. అరవై ఏళ్ళ నుంచీ అనుకున్నావుగా, ఇంకొన్నాళ్ళు అనుకో" అన్నాడు.

"దయ్యం దేవుణ్ణి పిలుస్తదంట్రా అబ్బాయ్? చదువుకున్నోడివి, నువ్వు చెప్పు."

ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒకటే రభస. పొదిలి పోదాం, ఆయన మనుషులెవరన్నా ఉంటే అడుగుదాం అంటుంది నాయనమ్మ. నాన్న ససేమిరా అంటాడు. ఆయన భయం ఆయనది. ఏలియా బతికి వచ్చాడంటే మరి చర్చిలో జరిగిన ఆ మారుమనువేమిటి? తనేమిటి? ఆదివారం సంఘం ఎదుట నిలబడి ప్రార్థన చేసే మనిషి. ఒకరోజు ఉండబట్టలేక, "అయితే నేనెవర్నమ్మా?" అని అడిగేశాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, చంటిపిల్లాడిలా. నాయనమ్మ గంజి తప్ప ఏమీ ముట్టేది కాదు. చివరికి అమ్మే కలగజేసుకుంది. "ఏమండీ, ఆవిడ మొగుడు కావాలని అడగట్లేదు. ఆ కళ్ళు ఉన్నాయో పోయాయో తెలుసుకోవాలంటోంది. ఆ ఒక్కటీ తెలిస్తే ఆవిడకి ముద్ద దిగుతుంది. తీసుకెళ్ళండి" అంది. నా పరీక్షలు అయిన మర్నాడు ముగ్గురం బయల్దేరాం.

మార్టూరులో రాళ్ళు కోసే షెడ్ల పక్కన బస్సెక్కాం. అద్దంకిలో మారాం, దర్శిలో మారాం. మధ్యాహ్నానికి చేలు తరిగిపోయి, ఎర్రటి బీళ్ళు, కంపచెట్లు, మేకలు. నాయనమ్మ కిటికీ చువ్వ పట్టుకుని దారంతా చూస్తూనే ఉంది. ఈ దూరమంతా ఆయన నడిచే పోయి ఉంటాడా, మండే కళ్ళతో, అని ఒకసారి అడిగింది. ఇప్పుడా రోడ్డు మీద కారులో పోతే కునుకు తీసి లేచేలోగా పొదిలి వచ్చేస్తుంది. ఆ ఏలియా ఇప్పటి రోజుల్లో మనిషైతే, ఓడ దిగీ దిగకముందే ఫోను చేసేవాడు. "వస్తున్నానే" అని ఒక్క మాట! ఆ ఒక్క మాట లేకపోబట్టి ఇంత జరిగింది, ఆ ఒక్క మాట లేకపోబట్టే నేను పుట్టాను, ఇది రాస్తున్నాను. ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మతి పోతుంది. ఇప్పుడు ఎక్కడ యుద్ధం జరిగినా టీవీలో క్షణాల్లో చూపిస్తారు, కాల్పుల విరమణ అని ఎర్రక్షరాలు పరిగెత్తిస్తారు. అది ఏ దేశంలో ఏ ముసలమ్మ చెవికి ఏమని వినపడుతోందో అని నాకు బెంగ. కబురు తొందరగా చేరడం నేర్చుకున్నాం, అంతవరకే. అర్థం కాకపోతే ఇంకోసారి అడగడం ఇప్పటికీ మనకి నామోషీయే.

ఏలియా వాళ్ళ ఊరు పొదిలి దాటి ఇంకా లోపలికి. పేటలో అడిగితే ఓ పెంకుటిల్లు చూపించారు. దీనమ్మ అని, ఏలియా తమ్ముడి కూతురు, మా నాన్న వయసే ఉంటుంది. మేకలకి తుమ్మకాయలు వేస్తూ మమ్మల్ని చూసి చేతులు దులుపుకుంది. "మార్టూరు దగ్గర్నించి వచ్చామమ్మా. దూరపు చుట్టాలం" అన్నాడు నాన్న. మంచం వాల్చింది. నాయనమ్మ కొంగు తలమీదుగా ముఖం దాకా లాక్కుని కూర్చుంది. నాన్న "ఏలియా గారని, బస్రా వెళ్ళారట..." అని ఆపేశాడు.

"మా పెదనాన్నండీ! ఆయన్ని ఎరిగినోళ్ళు ఇంకా ఉన్నారా?"

"వచ్చారా అయితే? బస్రా నుంచి?"

"రాకేమండీ! నన్ను ఎత్తుకుని పెంచిందే ఆయన. నాకు పెద్దోడు పుట్టినాక గదా పోయింది!"

నాయనమ్మ చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. దీనమ్మకి చెప్పేవాళ్ళు దొరకడమే కరువేమో, చెప్పుకుపోతోంది. "పాపం, ఆయన వచ్చేసరికి మా పెద్దమ్మ లేదండీ. మీ మార్టూరు పక్కేనంట, పెద్దజ్వరాల్లో పోయిందంట. సమాధి చూసుకుని, ఏడ్చి వచ్చానని మా నాన్నకి చెప్పాడంట. అందుకని మావాళ్ళెవరూ మళ్ళీ అటు పోలా. మనువు చేస్తామంటే వద్దని మేకలు కాసుకుంటా ఉండిపోయాడు. దేవుడిలాంటి మనిషండీ. ఒక్కటే పేచీ, కూరలో కారం వెయ్యనిచ్చేవాడు కాదు. మన వైపు కారం లేకుండా వండాలంటే ఎట్టాగండీ? మా అమ్మ సణుక్కునేది."

నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. బతికున్న మనిషిని పోయిందని చెప్పాడు! బతికే ఉందని, వేరే ఇంట్లో ఉందని చెప్పి ఉంటే, ఆయన అన్నదమ్ములు కర్రలు పట్టుకుని మా ఊరి మీదికి వచ్చేవాళ్ళే. పంచాయితీ పెట్టి మా తాత ముఖాన ఉమ్మేసేవాళ్ళే. ఆ పసిగుడ్డుని తల్లి ఒళ్ళోంచి లాగి పడేసేవాళ్ళే. మా నాన్న పుట్టేవాడే కాదు. ఇదంతా నాకు అప్పుడే, ఆ మంచం మీదే, ఒక్కటొక్కటిగా తెలిసొచ్చింది.

అప్పుడు నాయనమ్మ మొదటిసారి నోరు తెరిచింది. "కళ్ళు కనపడేయా అమ్మా, ఆయనకి?"

"ఒకటే కనపడేదండీ. ఎడం కన్ను పోయింది. యుద్ధంలో పోయిందా పెదనాన్నా అని మేం పిల్లలం అడిగేవాళ్ళం. 'యుద్ధంలో నాకేం కాలేదమ్మా, సంధి అయినాకే పోయింది' అనేవాడు. పాపం, అంత జ్వరం ఎప్పుడు తగిలిందో! సంధి కొడితే కళ్ళు పోతాయాండీ? మాకు అది ఇప్పటికీ అంతుపట్టదు."

పరీక్షలో సంధి షరతులన్నీ గడగడా రాసి వచ్చినదాన్ని, ఆయనన్నది ఏ సంధో నాకు తెలుసు. దీనమ్మ మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఇంతకీ మీరు ఆయనకి ఏమవుతారండీ?"

"చెప్పాగదమ్మా, దూరపు..." అన్నాడు నాన్న.

నాయనమ్మ ముఖం మీద నుంచి కొంగు తీసేసింది.

"దూరం కాదు తల్లీ" అంది. "నేను మీ పెద్దమ్మని."